110 డబ్బా, 100 కుక్కర్: మియాపూర్ ఇంట్లో ఒక జపాన్ రైస్ కుక్కర్ కేసు

ఏప్రిల్ రెండో వారంలో ఒకావిడ పాత దుప్పటిలో చుట్టిన కుక్కర్‌ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని నా షాపుకి తెచ్చారు. ఆరేళ్లు టోక్యోలో ఉండి వచ్చిన కుటుంబం. అక్కడ మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో కాపురం చేశారట, ఇప్పుడు మియాపూర్‌లో సొంత ఫ్లాట్. కౌంటర్ మీద దుప్పటి విప్పుతూనే, "అన్నా, ఇది మా పాప పుట్టిన సంవత్సరం కొన్నాం. పారెయ్యమని మాత్రం చెప్పకండి" అన్నారు.

కూకట్‌పల్లిలో 19 ఏళ్లుగా ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు రిపేరు చేస్తున్నాను. జపాన్ నుంచి తిరిగొచ్చేవాళ్లు పెరిగాక ఇలాంటి కేసులు నా దగ్గరికి తరచుగానే వస్తున్నాయి. కానీ దీంట్లో ఒకదాని మీద ఒకటి మూడు తప్పులు పేరుకుని ఉన్నాయి. అందుకే కొలతలతో సహా వివరంగా రాస్తున్నాను. ఈ పని చేసే కుర్రాళ్లకీ, జపాన్ నుంచి సామాను సర్దుకుంటున్నవాళ్లకీ పనికొస్తుంది.

కుక్కర్ అడుగున ఉన్న ప్లేట్ మీద అంతా జపాన్ భాషే. అంకెలు మాత్రం ఎవరైనా చదవొచ్చు: 100 వోల్టులు, 50-60 హెర్ట్జ్, 1,210 వాట్లు. ఇండక్షన్ రకం, వాళ్ల లెక్కలో ఐదున్నర 'గో'ల సైజు. ఒక గో అంటే 180 మిల్లీలీటర్లు, కాబట్టి సుమారు లీటరు బియ్యం పడుతుంది. ప్లగ్ పెడితే దీపం లేదు, చప్పుడు లేదు.

నేను ముందు కుక్కర్ విప్పలేదు. ఇండియా వచ్చాక దీన్ని దేనికి పెట్టారో, ఏ రోజు ఏం జరిగిందో అడిగాను. ఈ అలవాటు వల్ల నాకు చాలాసార్లు సగం పని తగ్గింది.

వచ్చిన మొదటి రోజు వాళ్లు కుక్కర్‌ని కాదు, నీళ్లు కాచే ఎలక్ట్రిక్ పాట్‌ని పెట్టారు. ఎయిర్‌పోర్ట్‌లో కొన్న ట్రావెల్ అడాప్టర్‌కి గుచ్చి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టారు. ఆ అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని ముట్టుకోదు. పాట్ 700 వాట్లది. హీటర్‌కి వోల్టేజీ 100 నుంచి 230కి పెరిగితే పవర్ 2.3 రెట్లు పెరగదు, 2.3 ఇంటూ 2.3, అంటే 5.29 రెట్లు పెరుగుతుంది. 700 వాట్ల హీటర్ మీద 3,700 వాట్లు పడ్డాయి. క్షణాల్లో టప్పుమంది. లోపల థర్మల్ ఫ్యూజుతో పాటు హీటర్ కూడా తెగిపోయింది. అది అడుగుకి అతికించి సీల్ చేసిన హీటర్, బాగుచేసే వీల్లేదు. ఆ మాట ఆ రోజే చెప్పేశాను.

దాంతో భయపడి ఒక షాపులో వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నారు. డబ్బా మీద 'ఇన్‌పుట్ 220, అవుట్‌పుట్ 110, 2000 వాట్స్' అని ఉంది. షాపతను "జపాన్‌కీ అమెరికాకీ ఇదేనండీ" అన్నాడట. కుక్కర్ మూడు వారాలు బాగానే పనిచేసింది. తర్వాత పొద్దున్న టిఫిన్ బాక్సులకని రాత్రి టైమర్ పెట్టి పడుకుంటే, లేచేసరికి ఎర్రర్ చూపించి బియ్యం నానిపోయి ఉండేది. పగలు వండితే మామూలుగా వచ్చేది. ఇంకో వారానికి ఒక సాయంత్రం అన్నం అయ్యి 'వార్మ్'లో ఉండగా ఠక్కున ఆగిపోయింది.

రాత్రి రాదు, పగలు వస్తుంది. ఈ ముక్క వినగానే నాకు కుక్కర్ మీద అనుమానం సగం పోయింది. "అమ్మా, ఆ డబ్బా కూడా తీసుకురండి. రేపు మీ ఇంటికొచ్చి కరెంటు చూస్తాను" అన్నాను.

గోడలో ఎంత వస్తోంది

ఇంటికి వెళ్లి పొద్దున్న 10 గంటలకి కొలిస్తే 238 వోల్టులు. ఒక్కసారి కొలిచి ఊరుకుంటే లాభం లేదు. సాకెట్‌లో పెట్టే చిన్న డిజిటల్ వోల్ట్‌మీటర్ ఇచ్చి, రోజుకి ఐదుసార్లు ఫోనుతో ఫొటో తీయమని ఆవిడ భర్తకి చెప్పాను. ఆయన నాలుగు రోజులు ఓపిగ్గా తీశారు. ఏసీలన్నీ నడిచే రాత్రి 8 గంటలప్పుడు 216 దాకా పడుతోంది. తెల్లవారుజామున 4 గంటలకి, అపార్ట్‌మెంట్ అంతా పడుకున్నాక, 248 దాకా లేస్తోంది. మన దగ్గర ఇది పెద్ద వింతేం కాదు. మన వస్తువులు దీనికి తట్టుకునేలానే తయారవుతాయి.

జపాన్‌లో అలా కాదు. అక్కడ ఇంటికిచ్చే 100 వోల్టుల సరఫరా 101కి ఆరు అటూ ఇటూ ఉండాలని నిబంధన ఉంది, అంటే 95 నుంచి 107 లోపు. ఆ కుక్కర్ పుట్టిందే అంత నిలకడైన కరెంటు కోసం. నేను ఈ కేసులో పెట్టుకున్న లెక్కంతా ఈ రెండు అంకెల చుట్టూనే తిరిగింది.

ఇప్పుడు డబ్బా సంగతి. 220కి 110 అంటే సరిగ్గా సగం. ట్రాన్స్‌ఫార్మర్‌కి తెలివి ఉండదు, వచ్చినదాన్ని సగం చేసి పంపుతుంది. గోడలో 238 ఉంటే 119, తెల్లవారుజామున 248 ఉంటే 124. 100 వోల్టుల హీటర్‌కి 124 ఇస్తే పవర్ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇండక్షన్ కుక్కర్‌లో బోర్డు పవర్‌ని అదుపు చేస్తుంది కాబట్టి వెంటనే కాలదు. కానీ లోపల డీసీ 141 ఉండాల్సిన చోట 175కి చేరుతుంది, స్విచింగ్ చేసే ఐజీబీటీ అనే ట్రాన్సిస్టర్ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఈ బోర్డుకి ఎక్కువ వోల్టేజీని పసిగట్టే ఏర్పాటు ఉంది, అది తన పని తాను చేసి ఆపేసింది. రాత్రి టైమర్‌కి వచ్చిన ఎర్రర్ అదే. కుక్కర్ వాళ్లని హెచ్చరిస్తూనే ఉంది.

110 డబ్బా అమెరికా వస్తువుకి సరిపోవచ్చు, అక్కడి కరెంటే 120. జపాన్ వస్తువుకి మాత్రం అది కాదు. అమ్మేవాళ్లలో చాలామందికి ఈ తేడా తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే కొనేవాళ్లు జాగ్రత్త పడుతున్నామనుకునే కొంటారు.

119 కాస్తా 236 అయింది

ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలిసింది గానీ, కుక్కర్ ఎందుకు చచ్చిందో ఇంకా తెలియలేదు. 124 వోల్టులకి ఫ్యూజు పోకూడదు.

డబ్బాని షాపులో తూకం వేస్తే దాదాపు ఐదు కిలోలు. 2,000 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఐదు కిలోల్లో రాదు. ఇన్‌పుట్ న్యూట్రల్ పిన్నుకీ అవుట్‌పుట్ పిన్నుకీ మధ్య కంటిన్యుటీ (తీగ కలిసి ఉందా లేదా) చూస్తే మీటర్ బీప్ కొట్టింది. అంటే రెండు వేరు వేరు వైండింగులు (తీగ చుట్లు) లేవు, ఒకే వైండింగ్‌కి మధ్యలో ట్యాపింగ్ తీసిన ఆటో ట్రాన్స్‌ఫార్మర్. ఆటో రకంలో కోర్ (తీగ చుట్టే ఇనుప దిమ్మ) సగమే సరిపోతుంది నిజమే, ఆ లెక్కన చూసినా 1,000 వీఏ (వాట్ల లాంటి కొలతే) కోర్ కావాలి. ఇందులో అదీ లేదు. తీగ మీద వార్నిష్ కాస్త గోకితే తెల్లగా మెరిసింది. రాగి కాదు, అల్యూమినియం.

సాకెట్‌కి పెట్టి, లోడ్ లేకుండా అవుట్‌పుట్ చూస్తే 119. అప్పుడు లోపలి తీగల్ని ఒక ప్లాస్టిక్ పుల్లతో ఒక్కొక్కటిగా మెల్లగా కదిపాను. న్యూట్రల్ చివర, అల్యూమినియం తీగని రాగి తీగకి కలిపి నొక్కిన జాయింట్ దగ్గరకి వచ్చేసరికి మీటర్‌లో 119 కాస్తా 236 అయింది. పుల్ల తీస్తే మళ్లీ 119. ఇంకోసారి కదిపితే మళ్లీ 236. ఆ జాయింట్ మీద స్లీవ్ గోధుమరంగుకి తిరిగి, గట్టిపడి ఉంది.

ఇదీ జరిగింది. 12 ఆంపియర్లు లాగే లోడ్‌ని రోజూ ముప్పావుగంట నడిపితే ఆ జాయింట్ వేడెక్కింది. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర పేరుకుంది, చివరికి కాంటాక్ట్ పోయింది. ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌లో కింది వైండింగ్ చివర ఊడితే సప్లై ఆగిపోదు. ఫేజ్ పై వైండింగ్ గుండా వచ్చి, కుక్కర్ గుండా న్యూట్రల్‌కి పోతుంది. కుక్కర్ గట్టిగా లాగుతున్నప్పుడు ఆ పై వైండింగ్ చోక్ లాగా కొంత అడ్డుకుంటుంది. 'వార్మ్'లో ఉండి ఏమీ లాగనప్పుడు దాదాపు 230 మొత్తం కుక్కర్ మీద పడుతుంది. ఆవిడ చెప్పింది కూడా అదే, వార్మ్‌లో ఉండగానే ఆగిపోయిందని.

రెండు వైండింగులూ విడివిడిగా ఉండే ఐసోలేషన్ రకంలో ఇలా జరగదు. ప్రైమరీ (గోడ వైపు వైండింగ్) ఊడినా సెకండరీ (వస్తువు వైపుది) ఊడినా అవుట్‌పుట్ సున్నా అవుతుంది, అంతే. విలువైన జపాన్ వస్తువుకి నేను ఆటో రకం వద్దనేది ఈ ఒక్క కారణానికే. షాక్ కొట్టే విషయం సరేసరి: ఆటో రకంలో ప్లగ్ తిరగబడినా, సాకెట్‌లో ఫేజూ న్యూట్రలూ తారుమారైనా, 100 వోల్టులనుకున్న వైపు కూడా నేలకి 230 ఉంటుంది.

కుక్కర్ లోపల

పెద్ద కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేశాక బోర్డు తీశాను. ఫ్యూజు నల్లబడింది. దాని పక్కన ఉండే నీలం బిళ్ల, వేరిస్టర్, రెండుగా చీలి మసి పట్టింది. ఆ మసి చూసి నాకు ధైర్యం వచ్చింది. వేరిస్టర్ తన మీద ఎక్కువ వోల్టేజీ పడితే షార్ట్ అయిపోయి ఫ్యూజుని ఎగరగొడుతుంది, వెనకున్న బోర్డుని కాపాడుతుంది. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి, ఐజీబీటీ రెండూ మీటర్ డయోడ్ రేంజిలో చూశాను, బాగున్నాయి. 200 వోల్టుల కెపాసిటర్ ఉబ్బలేదు.

కొత్త వేరిస్టర్ కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. కాలిన బిళ్ల మీద మిగిలిన అంకెలు 221. షాపతను అలవాటు కొద్దీ 471 తీసిచ్చాడు, మన 230 వోల్టుల వస్తువులన్నిటిలో అదే వేస్తారు మరి. కుర్రాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 221 అంటే 220 వోల్టుల దగ్గర కదిలేది (కరెంటుని వదలడం మొదలుపెట్టేది), 471 అంటే 470 దగ్గర. 471 వేసినా కుక్కర్ పనిచేస్తుంది, అన్నం ఉడుకుతుంది, కస్టమర్ డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. కానీ ఈసారి 230 పడితే ఆ బిళ్ల కదలదు, 200 వోల్టుల కెపాసిటర్ పేలిపోతుంది. మూడు షాపులు తిరిగాక 14డి221 దొరికింది. దాని ధర కంటే నా పెట్రోలు ఖర్చే ఎక్కువ. ఫ్యూజు కూడా అదే రేటింగ్, 15 ఆంపియర్ల సిరామిక్‌ది వేశాను.

బోర్డుకి నేరుగా కరెంటు ఇవ్వలేదు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత, వోల్టేజీని తిప్పి పెంచుకునే వేరియాక్ పెట్టి, సిరీస్‌లో 100 వాట్ల బల్బు వేసి, 40 వోల్టుల నుంచి మెల్లగా పెంచాను. 80 దాటగానే డిస్‌ప్లే వెలిగింది. బల్బు తీసేసి 100 దగ్గర రెండు గ్లాసుల సోనామసూరి పెట్టాను. అన్నం అయ్యాక ఆ కుక్కర్ చిన్న పాట వాయిస్తుంది. పక్క షాపువాళ్లు కూడా వచ్చి విన్నారు.

ఏం చుట్టించాను

రెడీమేడ్‌గా 100 వోల్టులది మన మార్కెట్‌లో నాకు సరైనది దొరకలేదు. బాలానగర్‌లో నాకు తెలిసిన వైండింగ్ ఆయన దగ్గరికి కొలతలు రాసుకుని వెళ్లాను.

2 కేవీఏ (2,000 వీఏ) ఐసోలేషన్, రాగి వైండింగ్. 1,210 వాట్లకి 1.5 కేవీఏ చాలదా అని ఆయనా అడిగాడు. హైదరాబాద్ వేసవిలో వంటగది 38 డిగ్రీలుంటుంది. ఇండక్షన్ బోర్డు కరెంటుని నున్నగా లాగదు. పైగా ఇది పదేళ్లు నిలవాలి. నేను నిండా నింపి నడపను.

నిష్పత్తి దగ్గరే అసలు ఆలోచన. 230కి 100 అని చుట్టిస్తే 248 వచ్చినప్పుడు 107.8 అవుతుంది, జపాన్ 107 గీత దాటుతుంది. నేను 240 ఇస్తే లోడ్ లేకుండా 103 వచ్చేలా చెప్పాను. అప్పుడు 248కి 106.4, లోపలే ఉంటుంది. లోడ్ పడితే ఇంకో నాలుగు శాతం దిగుతుంది. రాత్రి 216 ఉన్నప్పుడు లోడ్ మీద 89 వస్తుంది, అది 95 కంటే తక్కువే, నాకు తెలుసు. కానీ తక్కువైతే అన్నం ఇంకో పది నిమిషాలు ఆలస్యమవుతుంది, ఎక్కువైతే బోర్డు పోతుంది. రెండిట్లో ఏది ఎంచుకోవాలో నాకు సందేహం రాలేదు. ట్యాపింగులు తీసి సెలెక్టర్ స్విచ్ పెట్టమంటావా అన్నాడాయన. వద్దన్నాను. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, తిప్పే నాబ్ కనిపిస్తే తిప్పుతుంది.

కోర్‌ని 250 వోల్టులకి సరిపడా డిజైన్ చేయమన్నాను, హమ్మింగ్ తగ్గుతుందని. వైండింగ్ లోపల 120 డిగ్రీలకి తెగే థర్మల్ కటాఫ్ ఒకటి. ప్రైమరీలో 10 ఆంపియర్ల ఎంసీబీ, అది సి కర్వ్‌ది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ వేసిన క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, బి కర్వ్ అయితే ఊరికే పడిపోతూ ఉంటుంది. సెకండరీలో 15 ఆంపియర్ల ఫ్యూజు. ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు, గోడ వైపు, 255 దాటినా 195 కంటే పడినా ఆపేసే వోల్టేజీ ప్రొటెక్టర్, మళ్లీ ఇవ్వడానికి 30 సెకన్ల ఆలస్యం. గోడలో 16 ఆంపియర్ల సాకెట్.

అవుట్‌పుట్ సాకెట్ దగ్గర నేను మొండిపట్టు పట్టాను. మన యూనివర్సల్ సాకెట్లలో జపాన్ ప్లగ్ దూరుతుంది గానీ, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ బల్లపరుపు పిన్నుల్ని అది గట్టిగా పట్టుకోదు. 12 ఆంపియర్లు వెళ్తే వారంలో ప్లాస్టిక్ మెత్తబడుతుంది. వాళ్లు టోక్యో నుంచి తెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంది, 15 ఆంపియర్లది. దాని ప్లగ్ కోసేసి, వైరుని నేరుగా సెకండరీ టెర్మినల్‌కి బిగించాను. ఆ బాక్సులో ఒక్క రంధ్రం వదిలి మిగతావి మూసేశాను. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒకసారికి ఒకే వస్తువు ఉండాలి. కోర్‌కీ డబ్బాకీ ఎర్త్ ఇచ్చాను, సెకండరీని ఎర్త్‌కి కలపలేదు.

అంతా కలిపి 20 కిలోల పైనే అయింది. కింద రబ్బరు బుష్‌లు వేసి, స్టవ్‌కి దూరంగా, గాలి ఆడేచోట నేల మీద పెట్టించాను. నా కూలి కాకుండా 9,500 అయింది. ఆవిడ భర్త ఒకసారి ఆలోచించారు, ఆ డబ్బుకి ఇక్కడే మంచి కుక్కర్ వస్తుంది కదా అని. ఆయన అన్నది తప్పు కాదు. ఆవిడ ఏమీ అనకుండా కుక్కర్ మూత తుడుస్తూ కూర్చున్నారు. ఆయనే "చేయించండన్నా" అన్నారు.

మిగతా సామాను

వాళ్ల ఇంట్లో జపాన్ వస్తువులన్నీ ఒక్కొక్కటి తిరగేసి ప్లేట్లు చదివాను. లాప్‌టాప్, కెమెరా, ఫోన్ చార్జర్ల మీద 100-240 అని ఉంది, వాటికి పిన్ను మార్చుకుంటే చాలు. మైక్రోవేవ్ ఓవెన్ 1,430 వాట్లది. దానికి ఈ 2 కేవీఏ బొత్తిగా అంచున ఉంటుంది, ఓవెన్ మోడ్‌లో గంటసేపు నడుస్తుంది కూడా. అమ్మేయమన్నాను. హెయిర్ డ్రయ్యర్ 1,200 వాట్లది, ఇక్కడ కొత్తది కొనుక్కోవడమే మంచిదని చెప్పాను. దానికోసం కొందరు అరచేతిలో పట్టే తేలికపాటి 'కన్వర్టర్' కొంటారు. లోపల థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది, వేవ్‌ని ముక్కలు కోసి సగటుగా 100 చూపిస్తుంది, కానీ ఒక్కో ముక్క శిఖరం 280 దాకా ఉంటుంది. వట్టి హీటర్ తట్టుకుంటుంది. ఒకాయన దానికి కుట్టుమిషన్ పెట్టి తెచ్చారు నా దగ్గరికి, బోర్డంతా పోయింది.

హెర్ట్జ్ గురించి చాలామంది అడుగుతారు. జపాన్‌లో తూర్పు సగం 50, పడమర సగం 60. 1890లలో టోక్యో జర్మనీ జనరేటర్లు కొంది, ఒసాకా అమెరికావి కొంది. ఆ తేడా ఇప్పటికీ ఫుజి నది, ఇతోయిగావా దగ్గర గీతలా నిలిచిపోయింది. వీళ్లు ఉన్నది టోక్యో, మన దగ్గరా 50, కాబట్టి చిక్కు లేదు. ఒసాకా నుంచి తెచ్చినవాటి మీద '60' ఒక్కటే ఉంటే నేను ముట్టుకోను. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ని మార్చలేదు. 60కి చేసిన మోటారు 50 మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది.

మూడు నెలల తర్వాత, జూలైలో, మళ్లీ చూడ్డానికి వెళ్లాను. 45 నిమిషాలు వండాక కోర్ 58 డిగ్రీలు, చెయ్యి ఆనించొచ్చు. అవుట్‌పుట్ లోడ్ మీద 98. టైమర్ అన్నం ఒక్కరోజూ ఆగలేదట. వండనప్పుడు కూడా ట్రాన్స్‌ఫార్మర్ ఆన్‌లోనే ఉండటం చూశాను. ఖాళీగా ఉన్నా అది 22 వాట్లు తింటుంది, నెలకి దాదాపు 16 యూనిట్లు. టైమర్ పెట్టని రోజుల్లో గోడ దగ్గర స్విచ్ ఆపేయమని చెప్పి, స్విచ్ పక్కన కాగితం మీద రాసి అతికించాను. దాని కింద పాప రంగు పెన్సిల్‌తో కుక్కర్ బొమ్మ వేస్తోంటే, వాళ్లమ్మ లోపల్నుంచి జపాన్ కుట్టుమిషన్ తెచ్చి టేబుల్ మీద పెట్టారు. ప్లేట్ తిప్పి చూశాను: 100 వోల్టులు, 50-60 హెర్ట్జ్, 40 వాట్లు. దానికి 150 వీఏ చిన్నది చాలు. బాలానగర్‌కి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.